కూపన్లన్నీ వాడుతున్నా నెల సరుకుల ఖర్చు తగ్గట్లేదు. డబ్బు ఎక్కడ పోతోంది?

సరుకులచీటీ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. మేం కూకట్‌పల్లి వైపు ఉంటాం. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, అత్తయ్య, ఆరేళ్ళ బాబు, పదేళ్ళ పాప. పాలు, కూరగాయలు, పండ్లు పక్కనపెడితే ఒక్క సరుకులకే నెలకి 14 వేలు దాటుతోంది. మూడు యాప్‌లు వాడుతున్నాం, కూపన్ లేకుండా ఒక్క ఆర్డరూ పెట్టట్లేదు. పోయిన నెల 18 ఆర్డర్లు అయ్యాయి. ప్రతి బిల్లు కింద "మీరు ఆదా చేసింది" అని చూపించే అంకెలన్నీ కూడితే 3,400 వచ్చింది. బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే మాత్రం కూపన్లు మొదలుపెట్టక ముందు ఎంత పోయేదో ఇప్పుడూ అంతే పోతోంది.

నెల వాడకం ఇదీ: బియ్యం ఒక బస్తా, కందిపప్పు 4 కిలోలు, మినపగుండ్లు 3, పెసరపప్పు 1, పచ్చిశనగపప్పు 1, సన్‌ఫ్లవర్ నూనె 5 ప్యాకెట్లు, గోధుమపిండి 5 కిలోలు, చక్కెర 2, పల్లీలు 2, బొంబాయి రవ్వ 2, చింతపండు 1. ఇవి కాక పోపుదినుసులు, టీపొడి, బిస్కెట్లు, ఒంటి సబ్బులు, బట్టల పౌడరు, పేస్టు.

లెక్క ఎక్కడ తప్పుతోంది? ఏ సరుకు కూపన్‌తో కొనాలి, ఏది కొట్లో కొనాలి? కాస్త వివరంగా చెప్పగలరు.

---

తూకంరాళ్ళు

ముందు ఆ 3,400ని పక్కన పెట్టేయండి. అందులో కూపన్ వల్ల తగ్గింది కొంతే ఉంటుంది. మిగతాదంతా ఎమ్మార్పీకీ అమ్మకం ధరకీ మధ్య ఉన్న తేడా. ఉదాహరణకి, కిలో కందిపప్పు ప్యాకెట్ మీద 240 ముద్రించి 168కి అమ్మారనుకోండి, బిల్లు కింద "72 ఆదా" అని వస్తుంది. అదే రకం పప్పు కొట్లో విడిగా 155కి దొరుకుతుంటే మీకు మిగిలింది ఏమీ లేదు, 13 ఎక్కువే పోయింది. పప్పులు, బియ్యం, దినుసుల విషయంలో ఎమ్మార్పీతో పోల్చడం దండగ. మీ వీధిలో ఆ వారం కిలో ఎంత ఉందో దానితోనే పోల్చాలి.

ఇప్పుడు ఒక పని చేయండి, గంట పడుతుంది. పోయిన నెల 18 బిల్లులూ తెరిచి కాగితం మీద మూడు గడులు గీయండి.

మొదటి గడిలో కూపన్ వల్ల తగ్గిన మొత్తం ఒక్కటే రాయండి, ఎమ్మార్పీ తేడా కలపొద్దు. రెండో గడిలో డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డర్ రుసుము, వాన పడినప్పుడో రద్దీ వేళో వేసే అదనపు రుసుము, అన్నీ. మూడో గడిలో మీ నెల చీటీలో లేకపోయినా కూపన్ పడాలని బుట్టలో వేసిన సరుకుల విలువ. మొదటి గడిలోంచి రెండోది తీసేయగా మిగిలిందే నిజమైన ఆదా. ఆ మిగిలినదాని కన్నా మూడో గడి పెద్దదైతే మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

మూడో గడి ఎలా పెరుగుతుందో చూడండి. చీటీలో ఉన్న సరుకులు 760 అయ్యాయి. "999 మీద 100 తగ్గింపు" కనబడింది. ఇంకో 240 పెట్టి చిప్స్, జ్యూస్ వేశారు. వెయ్యిలో వంద పోతే 900 కట్టారు. కూపన్ లేకుండా 760తో అయిపోయేది, అంటే 140 అదనంగా పోయింది. ఇలాంటివి నెలకి పదిహేను జరిగితే రెండు వేలు దాటుతుంది.

"20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 120" అని వచ్చేవాటిలో ఇంకో సంగతి ఉంది. 120 రావడానికి 600 కొంటే చాలు, కానీ కనీస బిల్లు 999 అని షరతు పెడతారు. సరిగ్గా 999 దగ్గర ఆగితే మీకు దక్కేది 12 శాతం. 1,500కి కొంటే 8 శాతం. 2,400కి కొంటే 5 శాతమే. కాబట్టి గరిష్ఠ పరిమితి ఉన్న కూపన్‌తో కనీస బిల్లు దాటిన వెంటనే ఆపేయాలి, మిగతా సరుకులు ఇంకో కూపన్‌కి వదలాలి. 20 అన్న అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ ఈ కూపన్‌తో మీకు 20 శాతం ఏనాడూ రాదు.

మూడు గడుల లెక్క వచ్చాక ఇక్కడ పెట్టండి.

---

పద్దుపుస్తకం

పైన చెప్పిన లెక్కకి తోడు ధరల పుస్తకం ఒకటి ఉండాలమ్మా. అది లేకుండా ఏ కూపన్ మంచిదో చెప్పడం ఎవరి వల్లా కాదు. పాత నోటుబుక్కు చాలు. ఇరవై సరుకులకి ఇరవై పేజీలు. ప్రతి పేజీలో తేదీ, ఎక్కడ, ప్యాకెట్ బరువు, కట్టిన ధర, కిలోకి ఎంత పడిందో. అంతే. రెండు నెలలు రాస్తే మీ ప్రాంతంలో కందిపప్పు అట్టడుగు ధర ఎంతో తెలిసిపోతుంది. ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీత గీయండి. కూపన్ పోగా వచ్చే ధర దానికన్నా తక్కువైతే కొనండి, లేకపోతే ఆగండి. ఒంటి సబ్బులు, పేస్టు, షాంపూ, బిస్కెట్లు, నెయ్యి మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. అంతకుముందు రాసుకున్న ధరలు ఉంటే వాటితో పోల్చొద్దు.

కిలోకి ఎంత అన్నది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే నూనె ప్యాకెట్ చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె దాదాపు 910 గ్రాములు. ఇప్పుడు షెల్ఫులో అదే ఎత్తు, అదే రంగు ప్యాకెట్లలో 850 గ్రాములవి, ఇంకా తక్కువవి కూడా ఉన్నాయి. 850 గ్రాముల ప్యాకెట్ 142, దాని మీద 4 రూపాయల కూపన్ ఉందనుకోండి. 138 పడింది, కిలోకి 162 పైన. పక్కనే 910 గ్రాములది కూపన్ లేకుండా 146. కిలోకి 160 పైన. కూపన్ ఉన్నదే ఎక్కువ పడింది. పైగా మీరు నెలకి ఐదు ప్యాకెట్లు అని లెక్క పెట్టుకున్నారు. ఐదింటి మీద 300 గ్రాముల నూనె తక్కువ వస్తుంది, నెలాఖరుకి ఆరో ప్యాకెట్ తెప్పించాల్సి వస్తుంది. అందుకే చీటీలో "5 ప్యాకెట్లు" అని కాకుండా "నాలుగున్నర కిలోలు" అని రాసుకోండి.

ప్యాకెట్ వెనక ఎమ్మార్పీ పక్కనే చిన్నక్షరాల్లో యూనిట్ ధర కూడా ఉంటుంది. కిలోకి తక్కువైతే గ్రాముకి ఇంత, కిలో దాటితే కిలోకి ఇంత అని. అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క, మీరు కట్టే ధర మీద కాదు. రెండు సైజుల్ని పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అనుకోవద్దు, కూపన్ చిన్నదాని మీదే ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది.

బియ్యం సంగతి. 25 కిలోల వరకు లేబుల్ వేసి అమ్మే ప్యాకెట్ మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. ఆ గీత దాటించడానికే మన దగ్గర 26 కిలోల బస్తా వచ్చింది. బస్తా 1,560 అయితే కిలో 60. యాప్‌లో 5 కిలోల ప్యాకెట్ 360కి పెట్టి పది శాతం కూపన్ ఇచ్చినా 324, కిలో దాదాపు 65. బియ్యానికి కూపన్ వెతకొద్దు. బస్తా మీద తయారైన నెల చూడండి, పాత బియ్యమా కొత్త బియ్యమా అడగండి. కొత్త బియ్యం ధర తక్కువ చెప్పినా అన్నం ముద్దవుతుంది, ఇంట్లో తినకపోతే ఆ ఆదా ఎందుకూ కొరగాదు.

నా లెక్కలో సరుకులు ఇలా విడిపోతాయి. ఏ కొట్లో కొన్నా అదే కంపెనీ, అదే బరువు, ఏడాది ఉన్నా పాడవనివి: ఒంటి సబ్బులు, బట్టల పౌడరు, గిన్నెల సబ్బు, పేస్టు, షాంపూ, శానిటరీ ప్యాడ్లు, ఫినాయిల్, టీపొడి. వీటికి కూపన్ నిజంగా పనిచేస్తుంది. పోల్చడం తేలిక, రెండు మూడు నెలలకి సరిపడా ఒకేసారి తీసుకోవచ్చు. పప్పులు, బియ్యం, చింతపండు, ఎండుమిర్చి, పల్లీలు నాణ్యత చూసి కిలో ధర మీద కొట్లోనో హోల్‌సేల్‌గానో కొనేవి. పోపుదినుసులు, జీడిపప్పు, యాలకులు ఆరు నెలలకి సరిపడా కొనేవాళ్ళకి హోల్‌సేల్ కొట్లుండే బేగంబజార్ దూరమైనా వెళ్ళొచ్చు. పావుకిలో జీలకర్ర కోసమైతే ఆటో ఖర్చుకి సరిపోతుంది. మీ పక్కన డీమార్ట్ ఉంటే అక్కడ కూపన్ల గొడవే ఉండదు, ఎమ్మార్పీ కన్నా తగ్గించి పెట్టిన ధరే ధర. ఆ ధరల్ని పుస్తకంలో రాసుకుంటే యాప్ కూపన్‌ని కొలవడానికి మంచి గీటురాయి అవుతుంది.

---

సరుకులచీటీ

చాలా ధన్యవాదాలండీ. నిన్న రాత్రి కూర్చుని మూడు గడులూ వేశాను. కూపన్ల వల్ల తగ్గింది 1,310. చార్జీలు 18 ఆర్డర్లకి కలిపి 594. చీటీలో లేని సరుకులు 2,160, అందులో పిల్లల బిస్కెట్లలాంటివి, ఎలాగూ కొనేవి 900 దాకా ఉంటాయి.

ఇంకో మూడు సందేహాలు. కూపన్ కనీస బిల్లు దాటి బుట్టలో 1,050 ఉన్నా "ఇంకా 180 జోడించండి" అంటోంది, ఎందుకు? బ్యాంకు కార్డు ఆఫరు, గిఫ్ట్ వోచరు, కూపన్ మూడూ కలిపి వాడొచ్చా? వంద రూపాయల క్యాష్‌బ్యాక్ అంటే అది నిజంగా వందేనా?

---

తూకంరాళ్ళు

1,310లోంచి 594 పోతే 716. అనవసరంగా కొన్నవి 2,160లో 900 తీసేస్తే 1,260. అంటే నెలకి 544 ఎదురు పెడుతున్నారు. మొదట దించాల్సింది ఆర్డర్ల సంఖ్య. 18ని 4కి తెస్తే, ఒక్కో ఆర్డరుకి సగటున 33 పడుతున్న చార్జీ లెక్కన 462 అక్కడే మిగులుతుంది. పెద్ద ఆర్డర్లకి డెలివరీ ఉచితమైతే ఇంకా ఎక్కువే.

1,050 ఉన్నా పడకపోవడానికి కారణం, కనీస బిల్లులో అన్ని సరుకులూ లెక్కకి రావు. చాలా కూపన్లు నూనె, నెయ్యి, చక్కెర, బియ్యం, గోధుమపిండిని మినహాయిస్తాయి. మీ బుట్టలో నూనె రెండు ప్యాకెట్లు ఉంటే ఆ డబ్బు తీసేసి మిగతాదే చూస్తుంది. కూపన్ పక్కన "షరతులు" నొక్కితే ఆ జాబితా ఉంటుంది. బుట్ట నింపే ముందే అది చదవాలి, నింపాక చదివితే 180కి ఏదో ఒకటి వేసేస్తాం. పసిపిల్లల పాలపొడి మీద అయితే కూపన్ కోసం వెతకడమే అనవసరం. 1992 నాటి చట్టం దాని అమ్మకానికి ప్రోత్సాహకాలు ఇవ్వడాన్ని నిషేధించింది.

యాప్ తనంతట తను వేసే కూపన్‌ని కూడా నమ్మొద్దు. ఉచిత డెలివరీ కూపన్ వేసి 25 తగ్గించి ఊరుకుంటుంది, కింద జాబితాలో 100ది ఉంటుంది. "అన్ని ఆఫర్లు" తెరిచి చేత్తో మార్చుకోవాలి.

---

కార్డులూ_కాసులూ

మిగతా రెండిటికీ జవాబు.

మామూలుగా ఒక ఆర్డరుకి యాప్ కూపన్ ఒక్కటే పడుతుంది. బ్యాంకు ఆఫరు చెల్లింపు దగ్గర విడిగా పడుతుంది కాబట్టి ఆ రెండూ కలుస్తాయి. గిఫ్ట్ వోచరు దగ్గరే దెబ్బ తగులుతుంది. ఇలా చూడండి. బుట్ట 2,000. కూపన్ 150 పోతే 1,850. మీ కార్డు ఆఫరు "కనీసం 1,500 మీద 10 శాతం, గరిష్ఠంగా 150". మొత్తం కార్డుతో కడితే 150 తగ్గి 1,700 అవుతుంది. అదే, నాలుగు శాతం తగ్గింపుతో 960కి కొన్న వెయ్యి రూపాయల వోచరు ముందు వాడితే కార్డు మీద పడేది 850. అది 1,500 కన్నా తక్కువ కాబట్టి బ్యాంకు ఆఫరు ఎగిరిపోతుంది. నలభై కోసం నూట యాభై వదులుకున్నట్టు. వోచర్లు బ్యాంకు ఆఫరు లేని రోజున వాడండి. వోచరు గడువు తేదీ కొన్నరోజే రాసిపెట్టుకోండి. బ్యాంకు ఆఫర్లు చాలావరకు ఒక కార్డుకి నెలకి ఒకటి రెండు సార్లే, అందుకని వాటిని నెల పెద్ద ఆర్డరుకి దాచాలి, పెరుగు ప్యాకెట్ ఆర్డరుకి తగలేయొద్దు.

క్యాష్‌బ్యాక్ వంద వంద కాదు. నేనైతే బిల్లులో వెంటనే తగ్గేదాన్ని రూపాయికి రూపాయి, వాలెట్‌లోకి వచ్చేదాన్ని రూపాయికి అర్ధరూపాయి అని లెక్క వేయమంటాను. కారణం దాని షరతులు: పదిహేను రోజుల్లో గడువు తీరిపోవడం, తర్వాతి బిల్లులో పది శాతానికి మించి వాడనివ్వకపోవడం. వంద వాడాలంటే వెయ్యి కొనాలి. ఆ వెయ్యి మీకు అప్పుడు అవసరమా లేదా అన్నదే అసలు ప్రశ్న.

వాపసు లెక్క కూడా తెలుసుకోండి, దీని మీదే ఎక్కువ గొడవలు అవుతాయి. 2,000 బుట్ట మీద మొత్తం 300 తగ్గి 1,700 కట్టారు. 200 పప్పు ప్యాకెట్ రాలేదు. 200 వెనక్కి రావాలి కదా అనుకుంటాం. తగ్గింపు అన్ని సరుకుల మీదా వాటా ప్రకారం పంచుతారు, 200కి వాటా 30, కాబట్టి వచ్చేది 170. ఇది మోసం కాదు. కానీ వాళ్ళ దగ్గర సరుకు లేక బిల్లు కనీస మొత్తం కన్నా తగ్గిందని కూపన్ మొత్తం తీసేస్తే అడగాల్సిందే. ఆర్డర్ పెట్టిన వెంటనే బిల్లు స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత యాప్‌లో మారిన బిల్లే కనబడుతుంది. కస్టమర్ కేర్ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

వాట్సాప్‌లో వచ్చే "వార్షికోత్సవ కూపన్", "2,000 సరుకులు ఉచితం" లింకులు ముట్టుకోకండి. అత్తయ్యగారి ఫోనుకి కూడా వస్తుంటాయి, ఆవిడకి తప్పకుండా చెప్పండి. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి పోతోందనే అర్థం. పొరపాటు జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

---

డబ్బాలూ_సీసాలూ

ఒకటి కొంటే ఒకటి ఉచితం గురించి ఎవరూ చెప్పలేదు. అందులో గడువు దగ్గరపడ్డ సరుకు కూడా ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో అయితే షెల్ఫు వెనక వరుసలోది తీసి తేదీ చూడండి. యాప్‌లో తేదీ మామూలుగా కనబడదు, కాబట్టి డెలివరీ అబ్బాయి వెళ్ళకముందే సంచీ విప్పి చూసి, దగ్గరి తేదీ అయితే అదే రోజు ఫొటోతో ఫిర్యాదు పెట్టాలి.

మీ ఇంటి వాడకానికి ఎంత నిల్వ సరిపోతుందో చెబుతాను. బొంబాయి రవ్వ వానాకాలంలో నెల కన్నా ఎక్కువ వద్దు, పురుగు పడుతుంది. రెండు కిలోలు ఉచితంగా వచ్చాయంటే ఆ రోజే బాణలిలో నూనె లేకుండా దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. వేడిమీద మూత పెడితే చెమ్మ పట్టి ఉండ కడుతుంది. గోధుమపిండి రెండు నెలలు దాటితే చేదు మొదలవుతుంది. పల్లీలు గుళ్ళుగా కొంటే ఎండాకాలంలో త్వరగా కనరు వాసన వస్తాయి, నెలకి సరిపడా చాలు. కందిపప్పు కొత్త పంట జనవరి, ఫిబ్రవరుల్లో దిగుతుంది, మూడు నెలలకి కొనేవాళ్ళు ఎండలో ఆరబోసి, డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు వేసి మూత బిగించాలి. ఒకే పెద్ద డబ్బా కన్నా కిలో కిలో చొప్పున నాలుగు డబ్బాలు మేలు, ఒకదానికి పురుగు పట్టినా మిగతావి బాగుంటాయి. పారబోసిన పావుకిలో పప్పు కూపన్‌లో వచ్చిన నలభై రూపాయల్ని తినేస్తుంది.

సూపర్‌మార్కెట్లు బిల్లు వెనకో అడుగునో "తర్వాతి కొనుగోలుపై 50 తగ్గింపు" అని ఇస్తాయి కదా, ఆ కాగితం మీద అక్షరాలు వేడికి, వెలుతురికి పాడైపోతాయి. స్టవ్ పక్కన గోడకి గుచ్చితే కొన్నాళ్ళకి చదవడానికి వీల్లేకుండా పోతుంది. ఇంటికి రాగానే ఫొటో తీసి, కాగితాన్ని మడిచి చీకట్లో, పర్సులోనో బీరువాలోనో పెట్టండి. కౌంటర్‌లో మామూలుగా అసలు కాగితమే అడుగుతారు, ఫొటో మనకి గడువు గుర్తుండటానికే.

---

సరుకులచీటీ

నాలుగు ఆర్డర్లకి దించుతాను. ధరల పుస్తకం ఈ రోజే మొదలుపెట్టాను, మొదటి పేజీ నూనెకి. నా దగ్గర ఉన్నది 850 గ్రాముల ప్యాకెట్టే!

ఆఖరిగా ఒక్కటి. చీటీ అంతా వేసినా కనీస బిల్లుకి యాభై అరవై తక్కువ పడినప్పుడు ఏం చేయాలి? అక్కడే చాక్లెట్లు వేసేస్తున్నాను.

---

పద్దుపుస్తకం

దానికి విడిగా చిన్న చీటీ రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండమ్మా. పాడవనివి, ఎలాగూ అయిపోయేవి, వంద లోపువి మాత్రమే అందులో ఉండాలి: ఉప్పు ప్యాకెట్, అగ్గిపెట్టెల కట్ట, గిన్నెల సబ్బు, పీచు, పసుపు వంద గ్రాములు, అగరొత్తులు, కర్పూరం, చెత్త కవర్ల చుట్ట. తక్కువ పడ్డప్పుడు ఆ చీటీలోంచే తీయండి. ఏ వస్తువైనా ఇంట్లో రెండు చేరితే ఒకటి అయిపోయేదాకా దాన్ని చీటీలోంచి కొట్టేయండి, లేకపోతే అలమరలో ఉప్పు ప్యాకెట్లు పదవుతాయి. 100 కూపన్ కోసం కనీస బిల్లుకి వంద కన్నా ఎక్కువ లోటు ఉంటే మాత్రం ఆ రోజు ఆర్డర్ పెట్టొద్దు. మరో రెండు రోజుల్లో టీపొడో పేస్టో అయిపోతుంది, అప్పుడు అదే బుట్ట దానంతట అదే నిండుతుంది.